పాము దొరికింది, మటన్ కూర తప్పించుకుంది

ఐతారం రాత్రి తొమ్మిదింటికి మేం ఎనిమిది మందిమి ఫోన్ల ముందు కూర్చుంటాం. హనుమకొండ, వరంగల్ నుంచి నలుగురం, కాజీపేటలో రైల్వేలో పనిచేసే తమ్ముడొకడు, పరకాలలో మెడికల్ షాపు నడిపే అన్న, జమ్మికుంట నుంచి రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు, షిఫ్టు కుదిరిన వారం గోదావరిఖని నుంచి సింగరేణి అన్న. చదివేది పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ కథలు, వారానికొకటి. పద్ధతి పెద్దదేం కాదు. డిటెక్టివ్ నోరు తెరిచి గుట్టు విప్పే ముందు పేజీ దగ్గర అందరం ఆగుతాం, ఎవరి జవాబు వాళ్ళు చెప్తాం, ఆ తర్వాత మిగిలింది చదువుతాం.

వినడానికి పిల్లలాట లాగే ఉంటుంది. కానీ ఈ ఆటలో కొన్ని కథలు మాకు ఎందుకు సులువుగా దొరికాయి, కొన్ని అసలు ఎందుకు దొరకలేదు, దొరక్కపోవడం మా తప్పా కథ తప్పా అనేది తేల్చుకోవడానికే చాలా ఐతారాలు పట్టింది. రాసేది దాని గురించే. మధ్యలో కొన్ని కథల గుట్టు బయటపడుతుంది, అన్నీ దాదాపు నూరేళ్ళ, అంతకు మించిన పాత కథలని నేను మొహమాట పడడం లేదు. మీకు పట్టింపు ఉంటే ముందు కథలు చదువుకుని రండి.

'సిల్వర్ బ్లేజ్' రాత్రి సంగతి ముందు చెప్పాలి. ఆర్థర్ కోనన్ డాయిల్ 1892లో రాసిన, షెర్లాక్ హోమ్స్ అనే డిటెక్టివ్ కథ. పందెం గుర్రం ఒకటి రాత్రికి రాత్రి మాయమవుతుంది, దాని ట్రైనర్ బయట మైదానంలో శవమై దొరుకుతాడు. గుర్రపుశాలలో కాపలా ఉన్న కుర్రాడు ఒళ్ళు తెలియకుండా పడి ఉంటాడు, ఎందుకంటే వాడు తిన్న రాత్రి భోజనంలో ఎవరో నల్లమందు పొడి కలిపారు. ఆ సాయంత్రం అటువైపు తచ్చాడిన కొత్త మనిషి మీద పోలీసుల అనుమానం. ఇక్కడ ఆగాం. మెడికల్ షాపు అన్న వెంటనే అడిగాడు: "నల్లమందు చేదుంటది గదా, పోరడు ఎట్ల తిన్నడు?" హెడ్మాస్టర్ సారు తడుముకోకుండా, "మటన్ కూరాయె, మసాలల చేదేం తెలుస్తది" అన్నారు. అవును కదా అనుకుని అందరం ముందుకు పోయాం. గుర్రం గురించి, శవం చేతిలో దొరికిన కత్తి గురించి, అరవని కుక్క గురించి ముప్పావుగంట వాదించుకున్నాం.

తీరా హోమ్స్ నోరు తెరిస్తే, కేసు మొత్తం తిరిగింది ఆ మటన్ కూర దగ్గరే. చేదు తెలియకుండా ఉండాలంటే ఆ రాత్రి మసాలా కూరే వండి ఉండాలి. ఏం వండుతారో బయటి నుంచి వచ్చిన మనిషి చేతిలో ఉండదు, ఇంట్లో వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అంటే మందు కలిపింది ఇంటి మనిషే. మేం ఆ జవాబును నోటితో పలికాం, ఎనిమిది మందిమి చెవులారా విన్నాం, ఒక్కరికీ అది క్లూ అని తట్టలేదు. పందెపు గుర్రాలు పెంచుకునే ఇంగ్లిష్ ఇంట్లో రాత్రి పూట మసాలా మాంసం వండడం కాస్త ప్రత్యేకమైన సంగతి, ఆ రోజుల్లో అది చదివిన వాళ్ళకు లీలగానైనా తగిలి ఉండాలి. మనకేముంది, ఐతారం వస్తే వాడకట్టంతా అదే వాసన. సింగరేణి అన్న తర్వాత ఆడియో మెసేజ్ పెట్టాడు: "మటన్ వండుకున్నరంటే నేను సంబురపడ్డ గని అనుమానపడలే."

ఇంతకుముందు దాకా క్లూ అంటే రచయిత ఎక్కడో దాచిపెట్టేదని అనుకునేవాణ్ణి. మంచి కథలో దాచడం ఉండదు, అన్నీ మన ముందే పరిచి ఉంటాయి. చిన్న కథలో దాచే చోటు కూడా ఉండదు, నవలలో అయితే పది పేజీల వర్ణన కింద ఏదైనా తోసేయొచ్చు గానీ పదిహేను పేజీల్లో వచ్చే ప్రతి వస్తువూ కంట్లో పడుతుంది. అందుకని రచయిత చేసే పని ఏమిటంటే, ఆ వస్తువును మనం మామూలు అనుకునే వాటి పక్కన కూర్చోబెట్టడం. మూడు వస్తువుల జాబితాలో రెండోదిగా చెప్తాడు, లేదంటే క్లూ చెప్పిన మరు వాక్యంలో ఎవరినో ఏడిపిస్తాడు, లేదంటే దాన్ని ఒక వాగుడుకాయ పాత్ర నోట్లో పెడతాడు. మన కన్ను మామూలు వాటి మీద నిలవదు. అయితే ఏది మామూలు అన్నది ప్రతి ఇంటికీ మారుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దీనికి తలకిందుల ఉదాహరణ 'ది స్పెకిల్డ్ బ్యాండ్'. అదే డాయిల్, అదే 1892. ఒక అమ్మాయి రాత్రి చచ్చిపోతుంది, పోతూ పోతూ "మచ్చల బ్యాండ్" అంటుంది. ఆమె మారుతండ్రి కలకత్తాలో డాక్టరుగా చేసి వచ్చినవాడు, ఇంటి ఆవరణలో చిరుతనూ కోతినీ వదిలి ఉంచుతాడు. రాత్రుళ్ళు ఈల వినిపిస్తుంది, రెండు గదుల మధ్య గాలి కోసం ఒక కంత ఉంటుంది, మారుతండ్రి గదిలో చిన్న పళ్ళెంలో పాలు ఉంటాయి. కథలో ఆ పాలు చూసి పిల్లి ఉందా అని హోమ్స్ అడుగుతాడు, పిల్లి లేదు గానీ చిరుత ఉంది కదా అంటుంది రెండో అమ్మాయి. ఇంగ్లిష్ పాఠకుడి ఆలోచన చిరుత వైపు పోవాలని ఆ ఏర్పాటు. మా గ్రూపులో ఎనిమిది మందిలో ఏడుగురు పాలు కనపడగానే పాము అన్నారు. నాగుల పంచమికి పుట్ట దగ్గర పాలు పోసి పెరిగిన మనకు పాలు, ఈల, కంత అని మూడు మాటలు చెప్పాక ఇంకేం గుర్తొస్తుంది. ఎనిమిదో మనిషి మెడికల్ షాపు అన్న. ఆయనకూ పామే తట్టిందట గానీ పాములు పాలు తాగవని, ఈల వేస్తే విని వెనక్కి వచ్చేంత చెవి వాటికి ఉండదని తెలుసు గనక ఆ జవాబు కొట్టేశాడు. ఎక్కువ తెలియడం వల్ల ఓడిపోయిన మనిషిని మొదటిసారి చూశాను, పాపం ఇప్పటికీ ఒప్పుకోడు.

ఈ కథలో ఇంకో మెలిక ఉంది, అది తెలుగులో చదివేవాళ్ళకు మాత్రమే తగిలేది. ఇంగ్లిష్‌లో బ్యాండ్ అంటే నడుముకో తలకో కట్టుకునే పట్టీ, మనుషుల ముఠా కూడా. ఊరి పక్కన జిప్సీల గుంపు మకాం వేసి ఉంటుంది, వాళ్ళు తలకు మచ్చల రుమాళ్ళు కట్టుకుంటారు, హోమ్స్ కూడా ముందు వాళ్ళ వైపే చూసి పొరబడ్డానని ఒప్పుకుంటాడు. తెలుగులో 'మచ్చల పట్టీ' అని రాస్తే ముఠా పోతుంది, 'మచ్చల ముఠా' అని రాస్తే పాము పోతుంది. అనువాదకుడు ఏ మాట ఎంచుకున్నా సగం వల తెగినట్టే. అందుకే ఇలాంటి కథలకు మేం ఇంగ్లిష్ మూలం పక్కన పెట్టుకుని, ఎవరో ఒకరు తెలుగులో చెప్తూ చదువుతాం, అవసరమైన చోట 'బ్యాండ్' అన్న మాటను అలాగే ఉంచుతాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాఠకుడు కనుక్కోగలగాలి అనే షరతు ఈ కథలకు మొదటి నుంచీ ఉందా? లేదు. మేం మొదటి నెల అంతా విసిగిపోయింది ఈ సంగతి తెలియకే. ఎడ్గార్ అలన్ పో 1841లో 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' రాసి ఈ తరహా కథకు పునాది వేశాడు. తలుపు వేసి ఉన్న గదిలో హత్య, తెలివైన డిటెక్టివ్, పక్కన ఆశ్చర్యపోతూ కథ చెప్పే పేరులేని మిత్రుడు, అన్నీ అందులోనే ఉన్నాయి. అందులో సాక్షులు చెప్పే మాట నాకు చాలా ఇష్టం. లోపలి నుంచి వినిపించిన గొంతు ఏ భాష మాట్లాడిందంటే ఫ్రెంచివాడు స్పానిష్ అంటాడు, డచ్చివాడు ఫ్రెంచి అంటాడు, ఇంగ్లిష్‌వాడు జర్మన్ అంటాడు, ప్రతి ఒక్కడూ తనకు రాని భాష పేరే చెప్తాడు. బల్లార్షా వైపు నుంచి కాజీపేటకు వచ్చే రైల్లో జనరల్ డబ్బా ఎక్కిన వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా ఆ కథను మీరు గెలవలేరు, హంతకుడు మనిషే కాదు మరి. ఎడ్గార్ పోకు కావలసింది మనం తెల్లబోవడం.

డాయిల్ కూడా అంతే. హోమ్స్ మీద ఆయన రాసిన చిన్న కథలు 56, నవలలు 4. వాటిలో చాలా చోట్ల హోమ్స్ నేల మీద పడుకుని ఏదో ఏరి కవర్లో వేసుకుంటాడు, ఏం ఏరాడో మనకు చెప్పడు. కథ చెప్పే మిత్రుడు వాట్సన్‌కు చెప్పడు గనక మనకూ తెలియదు. ఇది మోసం అని మా బ్యాంకు అక్క గొడవ పెట్టుకుంది. మోసం కాదు, అప్పటికి ఆ ఆట నియమాలే వేరు. పాఠకుడికీ రచయితకూ మధ్య పోటీ అనే ఆలోచన గట్టిపడింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత. రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదర్, తనూ డిటెక్టివ్ నవలలు రాసేవాడే, 1929లో పది నియమాలు రాశాడు. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ ఏదైనా వెంటనే పాఠకుడికి చూపించాలి, వాట్సన్ లాంటి మిత్రుడు తన ఆలోచనలేవీ దాచకూడదు, అతని తెలివి మామూలు పాఠకుడి కంటే కొంచెమే, అతి కొంచెమే తక్కువ ఉండాలి, ఇలా. 1930లో లండన్‌లో రచయితలంతా కలిసి డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు, మొదటి అధ్యక్షుడు జి.కె. చెస్టర్టన్. కాబట్టి 1892 కథను తీసుకుని 1929 నియమాలతో కొలిస్తే కోపమే మిగులుతుంది. డాయిల్‌ను పందెం కట్టకుండా, కథ చెప్పే మనిషిగా చదవాలి. కట్టేస్తే అప్పుడప్పుడు గెలుస్తాం, అది పాముల పుణ్యం.

మరి నియమాలు పాటించిన కథలైనా మనకు న్యాయం చేస్తాయా? అగాథా క్రిస్టీ 'ది ట్యూస్‌డే నైట్ క్లబ్' 1927లో వచ్చింది, గుట్టు విప్పే ముసలామె మిస్ మార్పుల్ మొదటిసారి కనపడేది అందులోనే. ఆరుగురు మంగళవారం రాత్రి ఒక ఇంట్లో కూర్చుని, ఒకరు కథ చెప్తే మిగిలిన వాళ్ళు జవాబు ఊహించాలి. అచ్చం మేమే, ఫోన్లు లేవంతే. అందులో ఒక భార్య విషం వల్ల చనిపోతుంది, భర్త రాసిన ఉత్తరం సిరా అద్దిన బ్లాటింగ్ కాగితం మీద కొన్ని మాటల అచ్చు మిగులుతుంది, వాటిలో 'హండ్రెడ్స్ అండ్ థౌజండ్స్' అని ఉంటుంది. అందరూ డబ్బు అనుకుంటారు. మేమూ డబ్బే అనుకున్నాం, పోనీ చిట్టీ డబ్బులేమో అన్నాడు రైల్వే తమ్ముడు. తీరా అది కేకుల మీద చల్లే రంగురంగుల చక్కెర పలుకుల పేరు. ఇంగ్లండ్‌లో ఏ వంటింట్లో అడిగినా చెప్తారు. మిస్ మార్పుల్‌కు తట్టింది ఆమె గొప్ప మేధావి అని కాదు, వంటింటి మనిషి గనక, ఆ గదిలోని మగవాళ్ళు ఎవరూ వంటింటి మాట వినిపించుకునే రకం కాదు గనక. క్రిస్టీ తన పాఠకులతో నూటికి నూరుపాళ్ళు నిజాయితీగానే ఆడింది. ఆ పాఠకుల్లో హనుమకొండ లేదు.

ఈ మూడు కథలూ పక్కపక్కన పెట్టాక మాకు కాస్త వెలుగు వచ్చింది. పాము మనకు అతి సులువు, మటన్ కూర మరీ మామూలై తప్పించుకుంది, చక్కెర పలుకులు అసలు అందవు. గుంపుగా చదవడం వల్ల లాభం ఏమిటంటే ఎనిమిది ఇళ్ళు ఉంటాయి గనక ఎనిమిది రకాల 'మామూలు' ఉంటుంది, ఒకరి కన్ను జారిన చోట ఇంకొకరి కన్ను ఆగుతుంది. కానీ అది దానంతట అది జరగదు, దానికి కొంచెం ఏర్పాటు కావాలి.

మొదట్లో వాట్సాప్ పోల్ పెట్టేవాళ్ళం. ఎవరు దేనికి ఓటేశారో కనపడుతుంది కదా, హెడ్మాస్టర్ సారు ఓటు పడిందంటే ఐదు నిమిషాల్లో మిగిలిన ఓట్లన్నీ అటే. సారు తప్పేం లేదు, ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళే ఇద్దరు ఉన్నారు గ్రూపులో, వాళ్ళకు ఆయన ముందు "కాదు సార్" అనడానికి నోరు రాదు. అందుకని ఇప్పుడు జవాబులు ముందుగా ఆ వారం కథ నడిపే మనిషికి విడిగా పంపాలి, ఎనిమిదీ వచ్చాకే గ్రూపులో పెడతారు. ఈ ఒక్క మార్పుతో జవాబుల రకాలు పెరిగాయి, తప్పుల రకాలూ పెరిగాయి, మాటల్లో పస వచ్చింది. ఒకసారి ఒకరు గ్రూపులోనే జవాబు పెట్టేసి వెంటనే డిలీట్ చేశారు, ఆ డిలీట్ చేసిన మెసేజ్ లో ఏముందో అని పది నిమిషాలు విచారణ నడిచింది, ఆ రోజు కథ కంటే అదే బాగుంది.

ఎక్కడ ఆగాలి అనేదీ ముఖ్యమే. ఆగడానికి నేను చూసినంతలో బాగా కుదిరేది జాక్ ఫుట్రెల్ 'ది ప్రాబ్లం ఆఫ్ సెల్ 13'. 1905లో బోస్టన్‌లో ఒక పత్రికలో రోజువారీగా వచ్చింది, జవాబు ఊహించి పంపిన పాఠకులకు బహుమతి కూడా పెట్టారు, అంటే ఆగి చదవడం కోసమే పుట్టిన కథ. ఒక ప్రొఫెసర్ మరణశిక్ష ఖైదీలను ఉంచే గదిలోంచి వారంలో బయటికొస్తానని పందెం కడతాడు, లోపలికి వెళ్తూ పళ్ళపొడి, పాలిష్ చేసిన బూట్లు, ఒక ఐదు డాలర్లు, రెండు పది డాలర్ల నోట్లు మాత్రం అడుగుతాడు. మేం అక్కడే ఆగి వారం గడువు ఇచ్చుకున్నాం. ఆ వారం రైల్వే తమ్ముడు డ్యూటీలో కూడా బూట్ల పాలిష్ గురించే ఆలోచించాడట. ఆ ఫుట్రెల్ 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయాడు.

ఆగడం అసలు పనికిరాని కథలూ ఉన్నాయి. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో 'ది సింగింగ్ బోన్' అని కథల పుస్తకం తెచ్చాడు, వాటిలో చాలా కథలకు హత్య ఎవరు ఎలా చేశారో ముందు సగంలోనే చెప్పేస్తాడు, రెండో సగమంతా డిటెక్టివ్ డాక్టర్ థార్న్‌డైక్ దాన్ని ఎలా పట్టుకున్నాడన్నదే. ఆస్కార్ బ్రాడ్‌స్కీ కేసులో శవాన్ని రైలు పట్టాల మీద పెడతారు, గూడ్స్ బండి కింద పడి పోయాడనుకోవాలని, కానీ కళ్ళద్దాల ముక్కల దగ్గర లెక్క తేడా వస్తుంది. రైల్వే తమ్ముడికి ఈ కథ తప్ప ఏదీ నచ్చలేదు.

గుంపుగా చదివితే వచ్చే పెద్ద జబ్బు ఒకటి ఉంది, రచయిత పొరపాటును కూడా క్లూ అనుకోవడం. డాయిల్ 'రెడ్ హెడెడ్ లీగ్'లో ఎర్రజుట్టు తాకట్టు వ్యాపారికి పేపర్లో ప్రకటన ద్వారా ఎర్రజుట్టు వాళ్ళ సంఘంలో, అంటే ఆ లీగ్‌లో, ఒక పని దొరుకుతుంది, రోజూ నాలుగు గంటలు కూర్చుని ఎన్‌సైక్లోపీడియా ఎత్తి రాయాలి, వారానికి నాలుగు పౌండ్లు. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ చేస్తే నెలకు వేలకు వేలు అనే మెసేజ్‌లు చూసిన మాకు మొదటి పేజీలోనే అనుమానం వచ్చింది, సగం జీతానికి చేరిన అసిస్టెంట్ దొంగ అని అందరం పట్టేశాం. కానీ బ్యాంకు అక్క తేదీల దగ్గర ఆగింది. ప్రకటన వచ్చిన పేపరు 1890 ఏప్రిల్ 27ది, అది రెండు నెలల కిందటిదే అంటాడు వాట్సన్. వ్యాపారి పనిచేసింది ఎనిమిది వారాలు. లీగ్ మూసేశామని తలుపు మీద అట్ట కనపడింది మాత్రం అక్టోబర్ 9న. మధ్యలో మూడు నెలలు ఏమయ్యాయి? వ్యాపారే అబద్ధం చెప్తున్నాడని ఆమె అరగంట కేసు వాదించింది, అద్భుతంగా వాదించింది, నేను నమ్మేశాను కూడా. ఏం లేదు, డాయిల్ లెక్క తప్పాడు. వాట్సన్ యుద్ధంలో తగిలిన తూటా ఒక పుస్తకంలో భుజంలో ఉంటుంది, ఇంకో పుస్తకంలో కాలిలో ఉంటుంది, ఆయన తీరే అంత. ఏది క్లూ, ఏది పొరపాటు అని చెప్పే గుర్తు పేజీ మీద ఉండదు. మాకు తోచిన కొలత ఒకటే: నిజమైన క్లూ దగ్గరికి కథ మళ్ళీ ఒకసారైనా తిరిగొస్తుంది, మటన్ కూర లాగా. పొరపాటు దగ్గరికి ఎవరూ తిరిగి రారు. ఈ కొలత కూడా కొన్నిసార్లు తప్పుతుంది.

పీడీఎఫ్‌ల సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. డాయిల్ పోయింది 1930లో, చెస్టర్టన్ 1936లో, ఫ్రీమన్ 1943లో, వాళ్ళ మూల కథలను గ్రూపులో పంచుకోవచ్చు. క్రిస్టీ 1976లో పోయింది, 2036 చివరి దాకా ఆగాలి, పుస్తకం కొనుక్కోండి. తెలుగు అనువాదాలకు హక్కులు వేరేగా ఉంటాయి.

మన డిటెక్టివ్‌లు లేరా అని హెడ్మాస్టర్ సారు నెలకోసారైనా అడుగుతారు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నూ అసిస్టెంట్ రాజునూ అద్దె పుస్తకాల షాపులో రోజు కిరాయికి తెచ్చుకుని, తెల్లారేసరికి తిరిగిచ్చిన తరం ఆయనది. ఆ నవలలు ఒక్క ఊపున చదివించేస్తాయి, మధ్యలో ఆపి జవాబు చెప్పమంటే సారుకే కోపమొస్తుంది, ఆ ప్రయోగం ఒక్కసారి చేసి మానుకున్నాం.

చివరగా మొన్న చదివిన చెస్టర్టన్ కథ, 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. అదే పేరుతో వెల్స్ నవల ఉండడం వల్ల సింగరేణి అన్న అది దించుకుని సగం చదివి, డిటెక్టివ్ ఎప్పుడొస్తడని అడిగాడు. చెస్టర్టన్ కథలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే మనిషికి ప్రాణభయం ఉంటుంది. కింద నలుగురిని చూస్తూ ఉండమని చెప్పి వెళ్తారు. ఆ నలుగురూ లోపలికి ఎవరూ పోలేదని ఒట్టేసి చెప్తారు, పైన మనిషి మాత్రం మాయం, మంచు మీద అడుగుల గుర్తులు స్పష్టంగా ఉంటాయి. చెస్టర్టన్ డిటెక్టివ్ అయిన ఫాదర్ బ్రౌన్ అనే చర్చి ఫాదర్ అప్పుడు ఒక మాట చెప్తాడు. జనం మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పరు, మీరు అడుగుతున్నారని వాళ్ళు అనుకున్న ప్రశ్నకు చెప్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని ఒక దొరసాని ఇంకో దొరసానిని అడిగితే పనివాళ్ళను లెక్కపెట్టదు, అదే అంటువ్యాధి వచ్చి డాక్టరు అడిగితే అందరినీ గుర్తు చేసుకుని చెప్తుంది. ఆ నలుగురి ముందు నుంచే పోస్ట్‌మ్యాన్ లోపలికి పోయాడు, బయటికి వచ్చాడు. వాళ్ళు చూశారు. 'ఎవరైనా' అన్న మాటలో వాళ్ళకు పోస్ట్‌మ్యాన్ లేడు.

ఈ కథ మేం ఒక్కరం కూడా గెలవలేదు. ఎనిమిది ఇళ్ళకూ ఒకే చోట కన్ను జారింది.

మర్నాడు సాయంత్రం బ్యాంకు అక్క నక్కలగుట్టలో తన అపార్ట్‌మెంట్‌కు తిరిగొచ్చి వాచ్‌మన్‌ను అడిగిందట, పొద్దటి నుంచి మా ఇంటికి ఎవరన్నా వచ్చిండ్రా అని. "ఎవ్వలు రాలే మేడం" అన్నాడు. పైకి వెళ్ళి తన తలుపు ఫోటో తీసి, ఏమీ రాయకుండా గ్రూపులో పెట్టింది. తలుపు పక్కన నిండు వాటర్ క్యాను, చెప్పుల స్టాండు వెనక కొరియర్ ప్యాకెట్, గడియకు గుచ్చిన కరెంటు బిల్లు. హెడ్మాస్టర్ సారు జూమ్ చేసి చూసి "ముగ్గురు" అని రిప్లై పెట్టారు.

"నలుగురు సార్" అంది అక్క. "మెట్లు కూడ కడిగి ఉన్నయి."